చేతి మీది పేరు

ఖరగ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ నాడు బొట్టు పడని పనిముట్టు ఉండదు. వర్క్‌షాపులో లేత్ మిషన్ల దగ్గర్నుంచి గోల్‌బజార్ రిక్షాల హ్యాండిళ్ళ దాకా అన్నిటికీ సిందూరం, అన్నిటికీ మందారపూల దండ. తొంభై ఏడో సంవత్సరంలో ఆ బొట్టు మా ఇంట్లో కంప్యూటర్‌కి కూడా పడింది.

మా ఆయన ఉమాపతి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మేముండే క్వార్టర్ ముందు గదిలో కూర్చుని పదిహేను రోజులకోసారి ‘లైన్ క్లియర్’ అని ఒక తెలుగు పత్రిక తీసేవారు. నాలుగు పేజీలు. బదిలీలు, పెళ్ళిళ్ళు, గుడి ఉత్సవాలు, మధ్యలో ఎవరికో ఒకరికి ఒళ్ళు మండే వార్త. నేను రైల్వే స్కూల్లో తెలుగు టీచర్ని. క్వార్టర్ నాది, జీతం నాది, పేరు ప్రతిష్ఠలు ఆయనవి. ఈ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదు లేదని మాత్రం చెప్పను.

ఆ భాద్రపదంలో వచ్చిన వార్త ఊరవతల ఒక ప్రైవేటు ఫౌండ్రీ గురించి. క్రేన్ గొలుసు తెగి, కరిగిన ఇనుము తొట్టి ఒరిగి, ఇద్దరు దినకూలీలు పోయారు. వాళ్ళని హైవే మీద లారీ గుద్దిందని యజమాని చెప్పించాడు. గొలుసు పాడైపోయిందని పనివాళ్ళు ముందే మొత్తుకున్న సంగతీ, శవాల్ని వెనక గేటు నుంచి దాటించిన సంగతీ ‘లైన్ క్లియర్’లో వచ్చాయి. చెప్పినవాడి పేరు రాలేదు. ఆ చెప్పినవాడు నూకయ్య. ఆ క్రేన్ కిందే పనిచేసేవాడు. మా ముందు గదిలో నేల మీద కూర్చుని, నేనిచ్చిన టీ ముట్టుకోకుండా, మొత్తం చెప్పి వెళ్ళాడు.

పూజ నాడు ఫౌండ్రీలో ప్రసాదం పుచ్చుకుని, భార్య పోలమ్మని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికే పత్రిక కోసం కబుర్లు మోసే నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. మా వెనక వీధి ఎమిలీ కూడా ఉంది. ఆంగ్లో ఇండియన్ల అమ్మాయి. తండ్రి ఇంజిన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె కలకత్తాలో కంప్యూటర్లు నేర్చుకుని వచ్చి ఊళ్ళో పాఠాలు చెప్పేది. మా కంప్యూటర్ కొనిపెట్టిందీ, రహస్య మాట కొడితే గాని తెరుచుకోకుండా దానికి తాళం వేసిందీ ఆమే. కలకత్తాలో ఆమెకొక బృందం ఉంది. టెలిఫోన్ తీగల మీద ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. మనిషి కంప్యూటర్‌లో ఉన్నది ఆ మనిషి మనసులో ఉన్నదాంతో సమానం, సర్కారైనా సరే చెయ్యి పెట్టకూడదు అనేది వాళ్ళ పట్టు. ఎమిలీకి తెలుగు ఆయా దగ్గర వచ్చింది కనక ఎంతటివాళ్ళనైనా ‘నువ్వు’ అనేది. చదవడం మాత్రం రాదు.

నూకయ్య సిందూరం గిన్నె పట్టుకోగానే ఎమిలీ అడ్డం పడింది. “అరే, సిందూర్ లోపల పోతే మిషన్ మర్ జాయెగా! టీచర్, నువ్వు సెప్పు!”

“బొట్టెట్టకపోతే కదా మేమ్‌సాబ్ సస్తాది,” అన్నాడు నూకయ్య.

బొట్టు పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, అరచెయ్యి దాని నెత్తి మీద ఆనించాడు. “పనిముట్టుని ముట్టుకోవాలమ్మగారూ. దూరం నుంచి దండమెట్టీసి ఎల్లిపోడానికి ఇదేటి గుళ్ళో ఇగ్రహమా?” అన్నాడు. ఆ ముంజేతి మీద లావుపాటి అక్షరాలతో పచ్చబొట్టు ఉంది. పోలమ్మ అని. ఎవరి పేరయ్యా అది, అన్నాను ఆటపట్టిస్తూ.

“మా ఊరి జాతరలో ఏయించినానమ్మా. మా అమ్మోరూ పోలమ్మే, ఈవిడా పోలమ్మే. అమ్మోరి కాడ అమ్మోరి పేరంతాను, ఇంటికాడ దీని పేరంతాను. ఇద్దరికీ కోపం రాదు.”

“నాకు అచ్చరాలు రావు గాని, అది నా పేరే,” అంది పోలమ్మ వెనకనుంచి. అందరూ నవ్వారు. మా ఆయనైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోల్‌బజార్ స్టూడియో ఆయన అప్పుడే ఫోటో తీశాడు. మధ్యలో బొట్టుతో కంప్యూటర్, దాని మీద నూకయ్య చెయ్యి, చుట్టూ మేమందరం. ఆ ఫోటోని ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించాం. అందులో నేను బాగా పడ్డానని నాకొక ముచ్చట కూడా ఉండేది.

తర్వాత వారంలో నేను స్కూలుకి బయల్దేరుతుంటే పోలీసు జీపు వచ్చి ఆగింది. యజమాని పరువు నష్టం అనీ, అబద్ధాలు రాసి కూలీల్ని రెచ్చగొట్టారనీ కేసు పెట్టాడు. కోర్టు కాగితం చూపించి కంప్యూటర్‌ని ఎత్తుకుపోయారు. బొట్టు ఇంకా చెరగలేదు. జీపు వెనక సీట్లో దాన్ని ఒక కానిస్టేబుల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు, ఒక్కరూ పలకరించలేదు.

కబుర్లు తెచ్చేవాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పినవి అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఎమిలీ వేసిన తాళం వాళ్ళకి ఊడలేదు. ఆ తాళం మాట మా ఆయన తనే పెట్టుకున్నారు, ఎమిలీకి కూడా చెప్పలేదు. అందుకని దసరా ముందు ఆయన్నీ తీసుకుపోయారు. పూజలకి కోర్టులు మూసేస్తారు. బెయిలు మాట ఎత్తాలన్నా కాళీ పూజ దాటాలి. ఆ లెక్క చూసుకునే తీసుకుపోయారని ప్లీడరు గారు అన్నారు.

మేదినీపూర్ జైల్లో చూడబోతే ఆయన గడ్డం పెరిగి, దగ్గుతూ, ఎవరో ముసలాయనలా ఉన్నారు.

“తాళం చెప్పమంటున్నారు లలితా. చెప్పేస్తే ఇవాళే ఇంటికి పోవచ్చునట.”

నాకు చెప్పెయ్యండి అనే అనాలనిపించింది. అప్పటికి నాకు నూకయ్య ప్రాణం కన్నా ఆయన దగ్గు చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది. ఆయనే మళ్ళీ, “చెప్తే నూకయ్య బతకడు. అక్కడ ఇద్దరిని లారీ కింద వేసేసినవాళ్ళు, మూడోవాణ్ణి వెయ్యలేరా?” అన్నారు. ఇంటికి వచ్చేదాకా బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచాను.

దుర్గా పూజ సప్తమి నాడు కలకత్తా నుంచి తీతు దా వచ్చాడు, దా అంటే అన్నయ్య. పత్రికల స్వేచ్ఛ కోసం విలేకరులు పెట్టుకున్న సంఘం ఆయనది. బుగ్గన పాన్, భుజాన గుడ్డ సంచి, కంచులాంటి గొంతు. నన్ను ‘బౌదీ’ అన్నాడు, అంటే వదినగారన్నమాట. ఎమిలీ కూడా తన బృందం తరఫున వచ్చి కూర్చుంది. ఇద్దరిదీ ఒకే పని కదా, ఇంక నాకు గట్టు దొరికినట్టే అనుకున్నాను. పావుగంట తిరక్కుండా నా వరండాలో, నా టీ తాగుతూ, బెంగాలీలో పోట్లాట మొదలెట్టారు. పక్క పందిట్లో ఢాక్ డప్పులు. వాటిని మించి వీళ్ళు.

“పేపర్లో పడని మనిషి జైల్లో కుళ్ళిపోతాడు. అరవాలి. ఊరూరా అరవాలి,” అన్నాడు తీతు దా.

“అరిస్తే ‘ఎవరు చెప్పారు’ అని అందరూ అడుగుతారు. మూసినది మూసినట్టే ఉంచాలి,” అంది ఎమిలీ.

“మీరు తాళాలవాళ్ళు. మీకు లోకమంతా బీరువా.”

“మీరు మైకులవాళ్ళు. మీకు లోకమంతా మైదాన్.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “పోట్లాడుకోవాలంటే కలకత్తాలో పోట్లాడుకోండి. ఇక్కడ నా మొగుడు లోపలున్నాడు,” అన్నాను. అప్పుడు మెట్ల మీద నుంచి నూకయ్య లేచాడు. వాడు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో నేను చూడలేదు.

“అమ్మగారూ, నా పేరు కోసం కదా బాబుగార్ని ఉంచినారు. నానే ఎల్లి సెప్పీసుకుంతాను. నానే అని.”

వాడి మాట బెంగాలీలో చెప్పాను. తీతు దా, ఎమిలీ ఒకేసారి “కాదు!” అన్నారు. ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి పలికిన మొదటి మాట అదే. తీతు దా పాన్ ఉమ్మేసి వచ్చి, నూకయ్య భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తనకి కబురు చెప్పినవాడి పేరు విలేకరి ఎందుకు చెప్పకూడదో వాడికే హిందీలో వివరించాడు. నూకయ్య ఇలా చెప్పేసుకుని దొరికిపోతే రేపు ఏ ఫౌండ్రీలో ఏ గొలుసు తెగినా ఇంకెవడూ నోరు విప్పడన్నాడు. ఎమిలీ వింటూ తలూపింది. మేమూ అదే అంటాం, అంది.

అక్కడి నుంచి సఖ్యత కుదిరింది. యంత్రం గురించి ఎంతైనా అరవాలి, పేరు గురించి పెదవి కదపకూడదు అని ఒప్పుకున్నారు. రెండు సంఘాలు కలిసి ఒక పోస్టరు వేస్తాయి. తాళాలవాళ్ళూ మైకులవాళ్ళూ ఒకే కాగితం కింద పేర్లు పెట్టడం అప్పటిదాకా లేదట. ‘ఈ యంత్రం చేసిన నేరమేమిటి’ అని బెంగాలీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు ఉంటాయి.

“ఫోటో ఉండాలి బౌదీ. బొమ్మ లేకపోతే ఎవరూ ఆగి చూడరు,” అన్నాడు తీతు దా. గోడ మీది ఫోటో చూశాడు. ఎమిలీ ఫ్రేము దింపి, ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టింది. “ఒక్క ముఖం రాకూడదు. నాది కూడా. మిషన్ ఒక్కటే తీసుకుని పెద్దది చెయ్యమను.” నెగిటివ్ స్టూడియోలో ఉంది. తీతు దాతో పాటు ఆమె కూడా వెళ్ళి, పక్కనే నిలబడి చెప్పి చేయించిందట. అలా అచ్చుకి పంపేశారు. వాళ్ళంత జాగ్రత్తగా నేను నా జీతం కవరు కూడా చూసుకోను.

కాళీ పూజ ముందు సాయంత్రం, కోర్టు తెరవడానికి ఇంకా రెండు రోజులుందనగా, ప్రమిదలు కొనడానికి గోల్‌బజార్ వెళ్ళాను. బట్టల కొట్ల పక్క గోడ దగ్గర జనం ఆగి ఉన్నారు. నిలువెత్తు పోస్టరు. నాకు సంతోషమే వేసింది. మా ఆయన పేరు అంత పెద్దగా ఎప్పుడైనా పడిందా అని దగ్గరికి వెళ్ళాను.

ముఖాలు ఒక్కటీ లేవు. బొట్టు పెట్టిన కంప్యూటర్ ఒక్కటే ఉంది, గోడంత. దాని మీద ఒక చెయ్యి ఉంది, మోచేతి దాకా, నిజం చేతికి రెండింతలు. పైన బెంగాలీ, కింద ఇంగ్లీషు. మొత్తం కాగితం మీద తెలుగు మాట ఒక్కటే. నా వెనక బస్తా మోస్తున్న ఒకతను నడుస్తూనే దాన్ని పైకి చదివాడు.

“పోలమ్మ.”

చదివి వెళ్ళిపోయాడు. వాడికేం తెలుసు. ఇంట్లో ఫోటోలో ఆ అక్షరాలు చీమల వరసంత ఉండేవి. ముఖాలు పడకూడదని యంత్రాన్ని పెద్దది చేశారు, దాంతో పాటు చెయ్యీ పెద్దదయింది. కలకత్తావాళ్ళ కంటికి అదేదో ముగ్గు. ఎమిలీ కంటికీ అంతే.

నేను గోళ్ళతో గీకడం మొదలెట్టాను. జిగురు ఇంకా తడిగా ఉంది, పట్టీలు పట్టీలుగా వచ్చింది. ఎవరో “దీదీ, కీ హోలో” అంటూ ఏమైందని అడుగుతున్నారు. చూస్తే పక్క గోడ మీద ఇంకోటి, ఎదురు కొట్టు తలుపు మీద ఇంకోటి. రిక్షా ఎక్కి నూకయ్య ఇంటికి పరిగెత్తించాను. పోలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

“డూటీకెల్లినాడమ్మా. ఏటైంది? సేతులకా జిగురేటి?”

ఫౌండ్రీ గేటు ఎదురుగా కూడా అంటించారు. అక్కడ సగం మంది మన శ్రీకాకుళం వాళ్ళే. తర్వాత తెలిసింది, ఎవరూ చాడీ చెప్పలేదట. షిఫ్టు మారే వేళ వాళ్ళంతా పోస్టరు చుట్టూ చేరి, “మన నూకయ్య సెయ్యిరా! కలకత్తా అచ్చులో పడ్డాది!” అని ఈలలు వేశారట. ఒకడు వాణ్ణి భుజాల మీదకి ఎత్తుకున్నాడట కూడా. ఆఫీసు కిటికీలోంచి మేనేజరు చూశాడు. గంటలోపే నూకయ్య సైకిలుకి తగిలించిన అన్నం కారేజీలో ఇనుప ముక్కలు దొరికాయి. రాత్రికి దొంగతనం కేసులో లోపలున్నాడు.

కోర్టు తెరిచిన రోజు మా ఆయనకి బెయిలు వచ్చింది. యజమాని తరఫు ప్లీడరు లేచి నిలబడనైనా లేదు. వాళ్ళకి ఇంక తాళంతో పని లేదు.

“బౌదీ, గెలిచాం!” అంటూ తీతు దా సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. ఎమిలీ వెనకే వచ్చింది. నేను చింపగా మిగిలిన పోస్టరు ఒకటి బల్ల మీద పరిచాను. ఎమిలీ దాన్ని అటూ ఇటూ చూసి, “ముఖం లేదు కదా టీచర్?” అంది. నేను వేలు పెట్టి చదివాను. అది ఏ భాషో, ఎవరి పేరో చెప్పాను. తీతు దా పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎమిలీ నేల మీద కూర్చుని నా మోకాళ్ళలో తల పెట్టుకుంది. దాని జుట్టు పట్టుకుని గుంజాలనిపించింది, నిమరాలనీ అనిపించింది. నిమిరాను కాబోలు.

మా ఆయన మధ్యాహ్నం వచ్చారు. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, చెంబుతో నీళ్ళు అందుకోకుండానే, అన్నారు:

“చెప్పలేదు లలితా. ఒక్కసారి కూడా నా నోటంట రాలేదు. నూకయ్యకి కబురు పెట్టు, నిశ్చింతగా ఉండమను.”

ఆ ముఖంలో వెలుగు చూసి నేను చెంబు కింద పెట్టేశాను. వంటింట్లో నుంచి పోలమ్మ వచ్చింది. ఇంటివాడు సామాను బయట పెట్టేస్తే మా ఇంట్లోనే ఉంటోంది.

“మీరు సెప్పనేదు బాబూ,” అంది. “మీరేటీ సెప్పనేదు. నా పేరే సెప్పీసింది.”

ఆయనకి అర్థం కాలేదు. నేను బల్ల మీది కాగితం చూపించాను. ఆయన ఆ పేరు చదివి, వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ పూట ఎవరం అన్నం తినలేదు. ‘లైన్ క్లియర్’ ఆ తర్వాత ఒక్క సంచిక కూడా రాలేదు. తెచ్చినా కబురు చెప్పేవాళ్ళు లేరు. ట్రాఫిక్‌లో నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. చనిపోయిన ఆ ఇద్దరూ ఇవాళ్టికీ హైవే మీదే చనిపోయినట్టు లెక్క.

రెండు సంఘాలూ కలిసి నూకయ్యకి ప్లీడర్ని పెట్టాయి. ఈసారి పోట్లాడుకోలేదు. పోస్టర్లు వెయ్యలేదు. వకాల్తా కాగితం కూడా ఎమిలీ నా దగ్గరికి తెచ్చి, ఒక్కొక్క మాటా చదివించుకుని, అప్పుడు నూకయ్య చేత సంతకం పెట్టించింది. చలి ముదిరాక వాడు బయటికి వచ్చాడు. ఈ చుట్టుపక్కల ఏ ఫౌండ్రీలోనూ వాడికి పని ఇవ్వరని తేలిపోయింది. మొగుడూ పెళ్ళాం సొంతూరు ప్రయాణమయ్యారు.

స్టేషన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన చొక్కా తొడుక్కుని, గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయారు. నూకయ్య పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. మూట ఎత్తుతుంటే చెయ్యి జారి, గుడ్డ పైకి పోయింది. పచ్చబొట్టు ఉండాల్సిన చోట మండి మానిన చర్మం, గులాబీ రంగులో, మెరుస్తూ ఉంది. నేను చూడటం వాడు చూశాడు.

“జైల్లో బీడీలు దొరుకుతాయి కదమ్మగారూ,” అన్నాడు. మూట భుజానికెత్తుకుని, “అమ్మోరికి కోపం నేదులెండి. ఈవిడికే ఒచ్చినాది,” అని నవ్వాడు. పోలమ్మ నవ్వలేదు.

బండి కూత వేశాక ఆమె కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఆ కాగితం మీకాడ ఒకటుంది కదేటి. నాకియ్యండి.”

అది నా సంచిలోనే ఉంది. ఇంట్లో ఉంటే ఆయన దాన్ని తీసి తీసి చూస్తున్నారని వెంట తెచ్చేశాను. “ఎందుకే, అది నీకెందుకు?” అన్నాను.

“సింపుతాను. ఊరందరూ సింపీసినారు, మీరూ సింపీసినారు. నా పేరు నాను సింపుకోడానికి నాకొకటి మిగల్లేదు.”

ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్ళో పరుచుకుని, “ఏదీ, ఎక్కడ?” అంది. నేను కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి చూపించాను. ఆమె వేలు నా వేలి పక్కన పెట్టి, మొదటి అక్షరం మీద నుంచి మెల్లిగా కదిపింది. బండి కదిలింది. ప్లాట్‌ఫారం చివరిదాకా పక్కనే నడిచాను. అక్కడిదాకా అయితే చింపలేదు.